కోవిడ్ ఎక్స్‌గ్రేషియాకి గడువు దాటిపోతే దారి ఉందా?

"మా నాన్నగారు 2021 మేలో కోవిడ్‌తో పోయారు. కోవిడ్ కాలంలో గడువులన్నీ సుప్రీంకోర్టు ఎత్తేసింది కదా, ప్రభుత్వం కోవిడ్ మృతుల కుటుంబాలకిచ్చే 50,000 రూపాయల సాయానికి (ఎక్స్‌గ్రేషియా) ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చా?" అని అడిగారు. మీరు సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు వేర్వేరు ఉత్తర్వులను కలిపేశారు. చాలా దరఖాస్తులు బలహీనపడేది ఇక్కడే.

10-1-2022 ఉత్తర్వు కోర్టులు, ట్రిబ్యునళ్లలో వేసే కేసులకు, అప్పీళ్లకు. 15-3-2020 నుంచి 28-2-2022 వరకు గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేశారు. మధ్యలో గడువు ముగిసినవారికి 1-3-2022 నుంచి 90 రోజులిచ్చారు. 15-3-2020కి ముందే ముగిసిపోయిన గడువులకు ఇది పనికిరాదు.

మీకు వర్తించేది 24-3-2022 ఉత్తర్వు. 20-3-2022కి ముందు పోయినవారి కుటుంబాలకు ఆ ఉత్తర్వు తేదీ నుంచి 60 రోజులు, ఆ తర్వాతి మరణాలకు చనిపోయిన తేదీ నుంచి 90 రోజులు. తీవ్రమైన ఇబ్బంది వల్ల ఆ లోపు పెట్టలేకపోయినవారు జిల్లా గ్రీవెన్స్ కమిటీకి (ఈ సాయంపై ఫిర్యాదులు చూసే కమిటీ) వెళ్లొచ్చు. ఇది అందరికీ ఇచ్చిన పొడిగింపు కాదు, ఒక్కో కేసునూ విడిగా చూస్తారు.

అందుకే ఆలస్యానికి కారణం రాసే పేజీయే అసలు దరఖాస్తు అనుకోండి. "కోవిడ్ వల్ల పెట్టలేకపోయాం" అన్న ఒక్క ముక్క సరిపోదు. తేదీలవారీగా రాయండి: ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, మరణ ధ్రువపత్రం ఏ రోజు చేతికొచ్చింది, కోవిడ్ పరీక్ష రిపోర్టు కోసం ఎప్పుడు అడిగారు. ప్రతి తేదీ పక్కనా ఒక కాగితం ఉండాలి. నెలలకు నెలలు ఖాళీ వదిలితే మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది. 60 రోజుల గడువు నడిచిన ఏప్రిల్, మే 2022 గురించి ఇంకాస్త వివరంగా రాయండి.

మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని లేదని భయపడకండి. ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 4-10-2021 ఉత్తర్వులోనే ఉంది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు ఇంట్లో చనిపోయినా లెక్కలోకి వస్తుంది. ఆసుపత్రి రికార్డులు ఇవ్వకపోతే వాటిని తెప్పించే అధికారం కమిటీకి ఉంది, ఆ కోరిక కూడా దరఖాస్తులోనే రాసేయండి.

ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కమిటీ కాదంటే కారణం స్పష్టంగా నమోదు చేయాలి. ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే మొదట అడిగేది అదే.