సార్ట్ కంట్రోల్ కార్డులోకి జేసీఎల్ విలువను ఎలా పంపాలి?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. జేసీఎల్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో జాబ్‌ను నడిపే ఆదేశాల భాష) సెట్ స్టేట్‌మెంటుతో డీటీ అనే సింబల్‌కు, అంటే విలువకు పెట్టుకున్న పేరుకు, తేదీ ఇచ్చారు. సార్ట్ ప్రోగ్రాముకు ఆదేశాలు (కంట్రోల్ కార్డు) ఇచ్చే సిస్‌ఇన్‌లో, ఏ రికార్డులు ఉంచాలో చెప్పే ఇన్‌క్లూడ్ కండిషన్‌లో కోట్స్ మధ్య &డీటీ అని రాశారు. జాబ్ సున్నా రిటర్న్ కోడ్‌తో (అంటే లోపమేమీ లేదని) ముగిసింది కానీ అవుట్‌పుట్‌లో ఒక్క రికార్డూ లేదు.

ఇందులో సార్ట్ తప్పేమీ లేదు. సింబల్ స్థానంలో విలువను పెట్టేది జేసీఎల్‌ను చదివే కన్వర్టర్. డీడీ స్టార్ (జాబ్‌లోనే డేటా మొదలవుతుందని చెప్పే లైను) కింద ఉన్నదంతా దాని లెక్కలో డేటా. కవరు మీది చిరునామా చూసే పోస్టుమ్యాన్ లోపలి ఉత్తరం చదవడు కదా, ఇదీ అంతే. దాంతో మీ ఫీల్డును సార్ట్ తేదీతో కాక, '&డీటీ' అన్న అక్షరాలతోనే పోల్చింది. అలాంటి తేదీ ఏ రికార్డులో దొరుకుతుంది?

దారి ఎంచుకునే ముందు ఆ విలువ ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోండి. బ్యాచ్ సపోర్టులో నా చేతికి వచ్చిన ఇలాంటి జాబ్‌లలో చాలావాటికి అసలు ఏ విలువా పంపనక్కర్లేదు. వాటికి కావలసింది నేటి తేదీ, లేదా 30 రోజుల కిందటి తేదీ. ఐబీఎమ్ సార్ట్ ప్రోగ్రామైన డీఎఫ్‌సార్ట్‌లో డేట్1 అంటే ఎనిమిది అక్షరాల నేటి తేదీ, డేట్1-30 అంటే 30 రోజుల కిందటిది. ఫీల్డు జోన్డ్ లేదా ప్యాక్డ్ (అంకెలను దాచే రెండు రూపాలు) అయితే డేట్1పీ వాడాలి. అయితే అర్ధరాత్రి దాటాక నడిచే జాబ్‌కు, మర్నాడు మళ్లీ నడపాల్సి వచ్చే జాబ్‌కు ఇది పనికిరాదు. అక్కడ కావలసింది వ్యాపార తేదీ, గడియారం చూపే తేదీ కాదు. దాన్ని బయటి నుంచి పంపాల్సిందే.

మీ జాబ్‌కు నా సలహా జేపీ సింబల్స్, అంటే జేసీఎల్ నుంచి సార్ట్‌కు విలువ అందించే పేర్లు. జేపీ0 నుంచి జేపీ9 వరకు పది ఉన్నాయి. ప్రోగ్రామును నడిపే ఎగ్జెక్ స్టేట్‌మెంటులో పార్మ్='జేపీ1"&డీటీ"' అని ఇవ్వండి (జాబ్‌లో ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లోనే సుమా). పార్మ్‌లో కోట్స్ ఉన్నా కన్వర్టర్ సింబల్‌ను మారుస్తుంది. కంట్రోల్ కార్డులో తేదీ ఉండాల్సిన చోట జేపీ1 అని రాస్తే చాలు. దాని చుట్టూ కోట్స్ మాత్రం పెట్టకండి, పెడితే మళ్లీ అక్షరాలుగానే మిగిలిపోతుంది. ఇక్కడ మార్పు చేసేది సార్టే కాబట్టి కంట్రోల్ కార్డు జాబ్‌లో కాక పీడీఎస్ మెంబరులో (లైబ్రరీలోని విడి ఫైలులో) ఉన్నా పని జరుగుతుంది. ప్రొడక్షన్‌లో కార్డు లైబ్రరీని ముట్టుకోనివ్వని చోట ఇది పెద్ద వెసులుబాటు.

చిక్కంతా అంకెల దగ్గరే. జేపీ1 అక్షరాల స్థిరాంకం కాబట్టి జోన్డ్, ప్యాక్డ్ ఫీల్డుతో నేరుగా పోల్చలేరు. సార్ట్ చేసేముందు రికార్డును మార్చే ఇన్‌రెక్ ఓవర్‌లేతో దాన్ని రికార్డు చివర అతికించి, ఆ స్థానాన్ని జోన్డ్ ఫీల్డుగా చూపి పోల్చాలి. ఆ పోలిక అవుట్‌పుట్ రాసేటప్పుడు నడిచే అవుట్‌ఫిల్ ఇన్‌క్లూడ్‌లో ఉండాలి, ఎందుకంటే మామూలు ఇన్‌క్లూడ్ ఇన్‌రెక్ కంటే ముందే నడిచిపోతుంది. చివరన బిల్డ్‌తో ఆ తోకను కత్తిరించేయండి.

మీ మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ 2.1 లేదా ఆ తర్వాతిదైతే ఈ తిప్పలు అక్కర్లేదు. ముందు ఎక్స్‌పోర్ట్ సిమ్‌లిస్ట్ రాసి, ఆ తర్వాతే సెట్ రాయండి. ఈ వరుస తారుమారైతే విలువ డేటాలోకి చేరదు. సిస్‌ఇన్ డీడీ స్టార్ పక్కన సింబల్స్=జేసీఎల్‌ఓన్లీ చేర్చండి. అప్పుడు మీరు మొదట రాసిన కార్డే మార్పు లేకుండా పనిచేస్తుంది. ఇది అచ్చంగా పాఠ్యం మార్పిడి కాబట్టి కోట్స్ లేకుండా అంకెలు కూడా పంపవచ్చు. స్టాప్‌ఆఫ్ట్ (ఎన్ని రికార్డుల తర్వాత ఆపాలో చెప్పేది) లాంటి వాటికి నేను వాడేది ఇదే. అయితే ఇది జాబ్‌లోనే ఉన్న డేటాకు మాత్రమే, పీడీఎస్ మెంబరుకు వర్తించదు. సింబల్‌కు డేట్1 అని మాత్రం పేరు పెట్టకండి, సార్ట్ సొంత పదంతో గందరగోళం అవుతుంది.

విలువ ఏదైనా ఫైలు నుంచి రావాలంటే పై రెండూ కుదరవు. ముందు స్టెప్‌లో ఆ ఫైలును సార్ట్‌తోనే చదివి, 'పేరు, కామా, సీ, కోట్స్‌లో విలువ' రూపంలో 80 బైట్ల రికార్డు తయారుచేయండి. తర్వాతి స్టెప్‌లో దాన్ని సిమ్‌నేమ్స్ డీడీకి (సార్ట్ పేర్లనూ వాటి విలువలనూ చదివే చోటుకు) ఇవ్వండి. కంట్రోల్-ఎమ్ లాంటి షెడ్యూలర్ ఉంటే దాని చరరాశులు జాబ్ సబ్మిట్ కాకముందే మారిపోతాయి, డీడీ స్టార్ లోపల కూడా. ప్రొసీజర్ లైబ్రరీలో ఉన్నదాన్ని మాత్రం అది చూడదు.

నెలనెలా ఎవరో ఒకరు కార్డులోని తేదీని చేత్తో మార్చే జాబ్ ఒకటి నాకు వారసత్వంగా వచ్చింది. ఒక నెల ఎవరూ మార్చలేదు. సున్నా కోడ్ చూసి అంతా సవ్యమే అనుకున్నారు, నివేదిక ఖాళీగా వెళ్లింది. అందుకే ఏ దారి ఎంచుకున్నా ఆప్షన్ స్టేట్‌మెంటులో నల్‌అవుట్=ఆర్‌సీ4 చేర్చండి, సార్ట్‌అవుట్ (సార్ట్ రాసే అవుట్‌పుట్ ఫైలు) ఖాళీ అయితే కోడ్ 4 వస్తుంది. అవుట్‌ఫిల్ వాడితే దానికి నల్‌ఓఎఫ్‌ఎల్ వేరుగా ఇవ్వాలి. ఖాళీ ఫైలు ఎప్పటికీ సరికాదనుకునే చోట నేను 16 పెడతాను.