ఆ ప్రశ్న మేనల్లుడిని అడగాల్సింది

ఉత్తరం: మాది కోస్తాలో ఒక పట్టణం. నేను హైస్కూల్ టీచర్‌ని, మావారిది చిన్న వ్యాపారం. మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు, హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పది రోజుల కిందట మావారి అక్కగారింట్లో గృహప్రవేశానికి వెళ్ళాం. సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి మేడ ఎక్కిన అమ్మాయి మీద వదినగారబ్బాయి చేయకూడని పని చేశాడు. రాత్రి ఇంటికొచ్చాక నాతో చెప్పింది. "చీకటి పడ్డాక ఒక్కదానివే మేడ మీదకి ఎందుకెళ్ళావు? చున్నీ ఏది? అరవలేదేం?" అని అడిగాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఆ రోజు వేసుకున్న డ్రెస్ ఉతికేశాను. మావారు కోపంతో ఫోన్ లాక్కున్నారు. వదినగారికి చెబితే, "కుర్రతనం, ఎలాగూ మేనరికమే కదా, ముహూర్తం పెట్టించేద్దాం" అన్నారు. తల్లి పోతే మావారిని పెంచింది ఆవిడే. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడకు నేను ఎదురు చెప్పింది లేదు. మా ఇంటికి నాలుగు లక్షలు సర్దారు కూడా. స్కూల్లో ఆడపిల్లలకు అవగాహన తరగతులు చెప్పేది నేనే, మార్చి 8 ర్యాలీలో ముందు నడిచేదీ నేనే. అమ్మాయిని హాస్టల్ మాన్పించి ఇంట్లో పెట్టుకోమంటారా? పెళ్ళి చేసేస్తే పరువు నిలుస్తుందా?

సమాధానం: హాస్టల్ మాన్పించకండి. పెళ్ళి మాట మీ ఇంట్లో ఇక వినబడకూడదు. బలవంతం చేసినవాడి చేతే తాళి కట్టిస్తే వాడు చేసినదానికి లైసెన్సు ఇచ్చినట్టే. భార్యకు 18 నిండితే, భర్త బలవంతం చేసినా మన చట్టం దాన్ని అత్యాచారంగా లెక్కించదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఇంకా ఉంది. అంటే ఇవాళ మీ అమ్మాయికి ఉన్న రక్షణను కూడా ముహూర్తం పెట్టి మరీ తీసేస్తారన్నమాట. ఇలాంటి కేసుల్లో రాజీ కుదుర్చుకోమనీ, పెళ్ళి చేసుకోమనీ జడ్జీలే సలహా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో చెప్పింది. జడ్జికే లేని అధికారం మేనత్తకు ఎక్కడిది?

మీరు అడగని విషయం ఒకటుంది. నేను చెప్పాల్సింది దాని గురించే.

మీరు తెలియక అమ్మాయిని తప్పుపట్టలేదు. అవగాహన తరగతులు చెప్పే టీచర్ మీరు. తప్పు ఎవరిదో మీకు తెలుసు. కానీ ఆ తప్పు మేనల్లుడిదని ఒప్పుకుంటే మర్నాడు మీ వదినగారి ముందు నిలబడి ఆ మాట అనాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడకు ఎదురు చెప్పని మీకు అది కొండంత పని. తప్పు అమ్మాయి చున్నీదీ, చీకటిదీ అయితే ఎవరికీ ఎదురు చెప్పక్కర్లేదు. బాకీ గుర్తుకు రాదు, మీవారు అక్కకూ కూతురికీ మధ్య తేల్చుకోనక్కర్లేదు, సంక్రాంతికి అందరూ ఎప్పట్లా కలవచ్చు. ఇంతమంది సుఖంగా ఉండటానికి అయిన ఖర్చంతా ఆ పిల్ల మీద వేశారు. నేరం జరిగిన ఇళ్ళలో నిందలు ఎక్కువగా పుట్టేది ఇలాగే. అమ్మాయి మీతో మాట్లాడకపోవడానికి కారణం ఆమెకు బాగా తెలుసు: మీరు ఎవరి పక్షమో ఆ రాత్రే చూసింది.

కాబట్టి మొదట తేలాల్సింది మీకూ మీ వదినగారికీ మధ్య. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఆయన రానంటే మీరొక్కరే చెప్పండి. "వదినా, మీ అబ్బాయి మా గడప తొక్కడానికి వీల్లేదు. పెళ్ళి మాట ఇంకోసారి ఎత్తకండి. వాడు ఉన్న ఫంక్షన్‌కి మా అమ్మాయి రాదు, నేనూ రాను." ఇంతే చాలు. చున్నీ గురించో, కుర్రతనం గురించో ఆవిడ మొదలుపెడితే జవాబు చెప్పకుండా లేచి రండి. జవాబు చెప్పడం మొదలుపెట్టారంటే చర్చ మళ్ళీ మీ అమ్మాయి మీదకే తిరుగుతుంది. నాలుగు లక్షలకు ప్రామిసరీ నోటు రాసివ్వండి, లేదా టీచర్‌గా మీకొచ్చే బ్యాంకు లోనుతో తీర్చేయండి. తీసుకున్న డబ్బుకు వడ్డీ కట్టచ్చుగానీ కూతురి మౌనాన్ని వడ్డీగా కట్టకూడదు. తమ్ముణ్ణి పెంచిన ఋణం పెద్దదే. దాన్ని తీర్చాల్సింది ఆ తమ్ముడు, అదీ తన కష్టంతో.

ఇక అమ్మాయి దగ్గరికి. "ఆ రాత్రి నిన్ను అడగకూడని మాటలు అడిగాను. తప్పు వాడిది. నువ్వేం చేయాలనుకుంటే దానికి నేను తోడుంటాను." ఒక్కసారి చెప్పి ఊరుకోండి. జవాబు కోసం ఎదురుచూడకండి. ఆమె ముందు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. జరిగింది మళ్ళీ చెప్పమని అడగకండి, మర్చిపొమ్మనీ అనకండి. ఈ సంగతి ఎవరికి తెలియాలో ఆమే నిర్ణయిస్తుంది. పిన్నికీ బాబాయికీ మీరు చెప్పకండి.

"అరవలేదేం" అన్నదానికి జవాబు మీరే తెలుసుకోవాలి. భయం హద్దు దాటినప్పుడు ఒళ్ళు కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. తెలిసినవాడైతే ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే "బావ ఇలా చేస్తాడా" అన్న దిగ్భ్రమలోనే ఆ నిమిషాలు గడిచిపోతాయి. తర్వాత గుర్తుచేసుకుంటే ముందూ వెనకా కలవదు. మెట్ల మీది చప్పుడు గుర్తుంటుంది, ఎంతసేపో గుర్తుండదు. అది అబద్ధానికి గుర్తు కాదు. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకుందని అనుకోకూడదని అదే 63వ సెక్షన్ వివరణలో ఉంది. చట్టం అడగని ప్రశ్న తల్లి అడగకూడదు.

ఫోన్ ఇవాళే ఆమెకు ఇచ్చేయండి. లాక్కోవడం శిక్షలా ఉందన్నది ఒకటి. ఆ ఫోన్‌లో సాక్ష్యం ఉండవచ్చన్నది రెండోది. ఇలాంటివాళ్ళు చాలామంది మర్నాడు "సారీ", "ఎవరికీ చెప్పకు" అని మెసేజ్ పెడతారు. వాటిని డిలీట్ చేయకూడదు. నంబర్ బ్లాక్ చేసే ముందు తేదీ, సమయం, నంబర్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి వేరేచోట కూడా దాచాలి. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని ఫోన్ మార్చేయకండి, కోర్టుకు అసలు ఫోనే బలం. వాడి తరఫున ఎవరైనా ఫోన్ చేసి బతిమాలినా బెదిరించినా ఆ తేదీ, సమయం రాసిపెట్టుకోండి. ఉతికిన డ్రెస్ కూడా పారేయకండి. ఉతికినా ఒక్కోసారి ఆనవాళ్ళు మిగులుతాయి. బాగా ఆరాక కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది, ఆనవాళ్ళు చెడిపోతాయి.

ఏం జరిగిందో మీరు విడమరిచి రాయలేదు, నాకు తెలియనక్కర్లేదు కూడా. కానీ డాక్టరుకు తెలియాలి. పది రోజులు గడిచాయి కాబట్టి ఒంటి మీద నమూనాలు దొరికే 96 గంటల గడువు దాటింది. గర్భం రాకుండా 72 గంటల్లోపు వేసుకునే మాత్ర, హెచ్ఐవి రాకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులు కూడా ఇప్పుడు పనికిరావు. అయినా ఆస్పత్రికి వెళ్ళడం మానకండి. జరిగిన మూడు వారాలకు గర్భ పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది. హెచ్ఐవి పరీక్ష ఇప్పుడొకసారి, ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి. హెపటైటిస్ బి టీకా గురించీ అడగండి. ఒకవేళ గర్భం వచ్చి, ఆమె వద్దనుకుంటే, 20 వారాల వరకు ఒక డాక్టరు, ఇలాంటి కేసుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చాలు. ఇరవై ఏళ్ళ అమ్మాయి కాబట్టి ఆమె సంతకమే కావాలి, మీది అక్కర్లేదు.

ప్రభుత్వాస్పత్రైనా ప్రైవేటైనా అత్యాచార బాధితులకు ఉచితంగా చికిత్స చేయాల్సిందే. "ముందు ఎఫ్ఐఆర్ తెండి" అనడానికి లేదు. ఆస్పత్రి నుంచి పోలీసులకు కబురు మాత్రం వెళ్తుంది, అది ముందే తెలిసి ఉండటం మంచిది. అయినా పరీక్ష చేయించుకోవడం, కేసు పెట్టడం ఆమె ఇష్టం. వద్దంటే వద్దన్నట్టు రాసుకుంటారు, చికిత్స ఆపరు. అమ్మాయికి ఇదివరకు సంబంధాలున్నాయో లేదో తేలుస్తామంటూ రెండు వేళ్ళ పరీక్ష చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, చేసినవాళ్ళు దుష్ప్రవర్తన కింద దోషులవుతారని 2022లో ఇంకా గట్టిగా చెప్పింది.

కేసు పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి పెద్దల పంచాయితీ కాదు, ఆమె నిర్ణయం. ఇవాళ వద్దన్నా తలుపులు మూసుకుపోవు, అత్యాచారం కేసుకు కాలపరిమితి లేదు. పెడతానంటే ఆలస్యం గురించి భయపడకండి. కుటుంబ పరువు గురించి తటపటాయించి ఆలస్యంగా రావడం ఈ కేసుల్లో సహజమనీ, నమ్మదగినదైతే బాధితురాలి మాట ఒక్కటే శిక్షకు చాలనీ సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయాలి: "అమ్మకు చెప్పాను, అమ్మ నన్నే అడిగింది, భయపడ్డాను." అవును, ఆ వాక్యం మీ గురించే. దాన్ని తీసేయమని అడగకండి.

ఇళ్ళలో కేసులు చెడేది ఇక్కడే. బలంగా ఉంటుందని జరగనిది కలుపుతారు, పరువు కోసం జరిగింది తీసేస్తారు. తర్వాత మేజిస్ట్రేటు ముందు అమ్మాయి తన మాటల్లో చెప్పినప్పుడు రెండూ కలవవు. ఫిర్యాదు ఆమె మాటల్లోనే ఉండాలి. మహిళా అధికారి రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. గృహప్రవేశం వేరే ఊళ్ళో జరిగినా మీ ఊరి స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వచ్చు. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళండి. ఇలాంటి ఫిర్యాదు నమోదు చేయని పోలీసుకు ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ వరకు జైలు ఉందని ఆ అధికారికి గుర్తుచేయచ్చు. పెద్దమనుషులు తెచ్చే తెల్ల కాగితం మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టకండి.

ఒంటరిగా తిరగలేకపోతే 181కి ఫోన్ చేయండి, జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. కౌన్సెలరు, లాయరు, పోలీసు, ఆస్పత్రి పనులన్నీ అక్కడినుంచే మొదలుపెట్టచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. అమ్మాయి అన్నం మానేసినా, నిద్రపోకపోయినా, చావు మాట ఎత్తినా ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలూ మందులూ తాళం వేసి 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు. నెల దాటినా ఉలికిపాటు, పీడకలలు తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి చూడాలి.

మీ తరగతుల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ అమ్మాయిని అడిగిన ప్రశ్నలే వేరే రూపంలో అక్కడా చెబుతున్నారని నా అనుమానం. "చీకటి పడ్డాక తిరక్కండి, బట్టలు జాగ్రత్త, కొత్తవాళ్ళతో మాట్లాడకండి." జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచారం కేసుల నిందితుల్లో నూటికి తొంభైమందికి పైగా తెలిసినవాళ్ళే. మీ ఇంట్లో జరిగినదానికి ఆ మూడు జాగ్రత్తల్లో ఏదీ అడ్డుపడలేదు. పైగా ఆ పాఠం విన్న పిల్ల, తనకేదైనా జరిగితే "నేనే జాగ్రత్తగా లేను" అనుకుని నోరు మూసుకుంటుంది.

ఈ నింద మన దగ్గర కొత్తది కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారు, అడ్డొచ్చిన భర్త వాళ్ళ దెబ్బలకు ప్రాణం పోగొట్టుకున్నాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు విచారణలో మాత్రం ఆమె నడవడిక మీదే బురద చల్లారు, 1981లో రాయచూర్ కోర్టులో నిందితులు బయటపడ్డారు. బాధితురాలి పూర్వ నడవడిక గురించి అడగడాన్ని చట్టం ఇప్పుడు ఒప్పుకోదు. ఇళ్ళలో ఇంకా ఒప్పుకుంటున్నాం.

పీరియడ్ నలభై ఐదు నిమిషాలనుకుంటే సగం మగపిల్లలతో గడపండి, వాళ్ళను బయటికి పంపేసి చెప్పకండి. ఒప్పుకోలు అంటే ఏమిటో, బావా మరదళ్ళ సరసాల పేరుతో ఏమేం సాగుతోందో వాళ్ళకే చెప్పాలి. మిగతా సగంలో 72 గంటలు, 96 గంటలు, కాగితం కవరు, పిల్లల హెల్ప్‌లైన్ 1098, 181 చెప్పండి. ఎవరికి చెప్పుకోవాలో ముగ్గురు పెద్దల పేర్లు ప్రతి పిల్లా రాసుకోవాలి, అందులో ఒకరైనా ఇంటి బయటివాళ్ళు ఉండాలి. స్కూల్లో పెట్టే ఫిర్యాదుల పెట్టె తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఎవరూ చీటీ వేయరు. ఇద్దరు కలిసి వారానికోసారి తెరవండి. 18 లోపు పిల్ల మీతో చెబితే, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం మీరు పోలీసులకు తెలియజేయాల్సిందే, దాస్తే ఆరు నెలల వరకు జైలు. తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క సంగతి నేర్పండి: పిల్ల వచ్చి చెప్పినప్పుడు "నమ్ముతున్నాను, నీ తప్పు లేదు" అన్న తర్వాతే ఏ ప్రశ్నైనా.

హాస్టల్‌కి ఎప్పుడు వెళ్ళాలో అమ్మాయినే చెప్పమనండి. హాజరు తగ్గిందంటే డాక్టరు సర్టిఫికెట్‌లో "అనారోగ్యం" అని ఉంటే చాలు, కాలేజీకి కారణం చెప్పక్కర్లేదు. మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఆమె పేరుతో ఈ సంగతి పెడితే స్క్రీన్‌షాట్ తీసి వెంటనే తీసేయమనండి. బాధితురాలి పేరు బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ళ వరకు జైలు. వదినగారితో మాట్లాడేటప్పుడు ఇది కూడా చెప్పి రండి.