బస్సులో అందరూ తననే చూస్తున్నారంటాడు: వీఆర్‌తో ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మా తమ్ముడు స్కిజోఫ్రీనియాకి మందులు వాడుతున్నాడు. బస్సెక్కితే అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. ఇలాంటివాళ్లను వీఆర్ (వర్చువల్ రియాలిటీ: కంప్యూటర్ సృష్టించి కళ్లముందు చూపే కల్పిత లోకం) హెడ్‌సెట్ పెట్టి పరిశీలిస్తారట. ఎందుకు? భయం ఇంకా పెరగదా?

జవాబు: బస్సులో ఎవరైనా నిజంగానే తేరిపార చూసి ఉండొచ్చు. అప్పుడు అది అనుమానమో, వాస్తవమో తేల్చలేం. వీఆర్‌లో ఆ చిక్కు లేదు. లండన్‌లో మనస్తత్వవేత్త డేనియల్ ఫ్రీమన్ బృందం వీఆర్‌లో మెట్రో రైలు పెట్టెనొకదాన్ని తయారుచేసింది. అందులోని బొమ్మ ప్రయాణికుల్లో స్నేహమూ ఉండదు, కోపమూ ఉండదు. అటూఇటూ చూస్తారు, అప్పుడప్పుడు చూపు కలుస్తుంది, అంతే. అయినా ‘వీడు నన్ను బెదిరిస్తున్నాడు’ అనిపిస్తే ఆ భావం చూసేవారి మనసులోదే. 2008లో వెలువడిన అధ్యయనంలో సాధారణ ప్రజలు 200 మందిని ఇలా ఎక్కిస్తే, మూడోవంతు కన్నా ఎక్కువమందికి ఏదో ఒక అనుమానం కలిగింది. మీ తమ్ముడి భయం వింతేమీ కాదు.

తల ఎటు తిరిగింది, బొమ్మమనిషికి ఎంత ఎడంగా నిలబడ్డారు అన్నవి హెడ్‌సెట్ నమోదు చేస్తుంది. పొరపాటు జరిగేది ఇక్కడే. వీఆర్‌లో కొందరికి తల తిరిగి చెమట పడుతుంది; దాన్ని భయంగా లెక్కేస్తారు. మందుల వల్ల కదలిక మందగిస్తే, మనుషులకు దూరంగా ఉంటున్నాడని రాసేస్తారు. అందుకే వికారం ఉందేమో హెడ్‌సెట్ పెట్టే ముందూ, తీశాకా అడగాలి, మందుల మోతాదు రాసుకోవాలి.

భయం పెరుగుతుందన్న మీ ఆందోళన సబబే. హెడ్‌సెట్ ఎప్పుడైనా తీసేయొచ్చని ముందే చెప్పాలి, పక్కన శిక్షణ పొందినవారు ఉండాలి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, మూర్ఛ ఉన్నవారికి వద్దు. ఇంట్లో గేమ్ హెడ్‌సెట్‌తో ప్రయత్నించకండి.