తమ్ముడు కనపడట్లేదు, గదికి సీలు వేయలేదు: సర్దేయొచ్చా?

పోలీసులు ఒకసారి చూసి వెళ్ళిపోయారు, తమ్ముడి గది ఊడ్చి సర్దేయొచ్చా అని మీరు అడిగారు. దయచేసి వద్దండి. ఇప్పుడే తాళం వేయండి. తమ్ముడు కనపడకుండా పోయాక లోపలికి ఎవరెళ్ళారో, ఏం ముట్టుకున్నారో రాసిపెట్టండి. మీవాళ్ల వేలిముద్రలు వేరుచేయడానికి ఫోరెన్సిక్ టీమ్‌కు ఆ జాబితా కావాలి.

ముఖ్యంగా టూత్‌బ్రష్, దువ్వెన, ఉతకని బట్టలు కదపకండి. తమ్ముడి డీఎన్‌ఏ వాటిలో దొరికే అవకాశం ఎక్కువ. పోలీసులు తీసుకునేటప్పుడు ఒక్కో వస్తువునూ విడిగా పేపర్ కవర్లో పెట్టమని అడగండి. తడి వస్తువైతే ముందు ఆరాలి. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. దువ్వెనలోనూ కుదురుతో ఊడివచ్చిన వెంట్రుకే బాగా పనికొస్తుంది.

నేల బ్లీచ్‌తో అస్సలు కడగొద్దు: రక్తపు మరకలు వెతకడానికి ల్యూమినాల్ అనే రసాయనం చల్లితే, బ్లీచ్ వల్ల రక్తం లేనిచోటా మెరిసి పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్, లాప్‌టాప్ ఉంటే ఉన్నవి ఉన్నట్టే వదిలేయండి. గదిని పరీక్షించమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.