శ్రావణికి, ఆ సీడీలు అమ్మే ముందు

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు మంచి ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) ప్లేయర్ కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తర్వాత నీ మెసేజ్ కూడా చూశాను. ఇకమీదట ఎస్ఏసీడీలు తప్ప ఇంకేవీ కొననని, ఉన్న మామూలు సీడీలన్నీ అమ్మేసి ఆ డబ్బులు వీటి మీద పెడతానని రాశావు. కొనడం సంతోషమే. అమ్మడం మాత్రం ఆపు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఎస్ఏసీడీల మీద నీకున్న మమకారం తప్పని నేను అనడం లేదు. నాకూ ఉంది. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఈ ఫార్మాట్ పని అయిపోయిందని ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. పోటీగా వచ్చిన డీవీడీ ఆడియో నిజంగానే కొన్నేళ్లలో కనుమరుగైంది. ఎస్ఏసీడీ మాత్రం నిలబడింది. క్లాసికల్, జాజ్ వినేవాళ్లు, జపాన్ కలెక్టర్లు వదలకుండా కొంటూ వచ్చారు కాబట్టే నిలబడింది. నువ్వు ఉద్యోగం చేస్తున్న నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లోనే 1979 మార్చిలో ఫిలిప్స్ వాళ్లు సీడీని మొదటిసారి పత్రికల వాళ్లకి వినిపించారు. ఆ దేశంలో ఉంటూ ఈ పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ అభిమానం దేని మీద పెట్టుకుంటున్నావో తెలిసి పెట్టుకోవాలి.

అట్ట మీద అంకెలు చూసి బెదరకు. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని అన్నిసార్లు కొలిచిన అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. ఎస్ఏసీడీలో శాంపిల్‌కి ఒకటే బిట్, కానీ సెకనుకి 28,22,400 సార్లు. అంటే వేగం 64 రెట్లు, మొత్తం సమాచారం చూస్తే నాలుగు రెట్లు. సీడీ దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టుకుంటుంది. మంచి వయసులో ఉన్న చెవి వినేది 20 దాకా, నా వయసుకి అందులో బాగా తగ్గిపోతుంది. అతి మెత్తటి శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెల్స్ అంతరం కూడా ఇంట్లో వినడానికి చాలా ఎక్కువ. పైగా ఒక్క బిట్‌తో పని నడిపించడానికి ఎస్ఏసీడీ తన నాయిస్‌ని మన చెవికి అందని పై స్థాయిలోకి నెట్టేస్తుంది. అక్కడ ఉన్నదంతా సంగీతమే అనుకోకు.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పరీక్ష చేసి, ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో రాశారు. ఎస్ఏసీడీ, డీవీడీ ఆడియోల నుంచి వచ్చే శబ్దాన్ని ఒకసారి నేరుగా వినిపించారు, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు 44.1 కి, దించి వినిపించారు. మొత్తం 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తుంది. 2016లో రైస్ అనే ఆయన ఇలాంటి 18 ప్రయోగాలు కలిపి లెక్క వేస్తే సరైన జవాబులు 52.3 శాతం తేలాయి. శిక్షణ పొందిన శ్రోతలు ఇంకాస్త మెరుగ్గా చెప్పగలిగారు. కాబట్టి తేడా అసలే లేదని కొట్టిపారేయలేం, ఉన్నా చాలా సన్నని తేడా.

అసలు సంగతి మేయర్, మోరన్ రాసిన వ్యాసంలో చివర్న ఉంది. చాలామంది ఇది చదవకుండా వదిలేస్తారు. తేడా పట్టుకోలేకపోయారని చెబుతూనే, తాము వాడిన ఎస్ఏసీడీలు దాదాపు అన్నీ మామూలు సీడీల కంటే బాగున్నాయని, కొన్నయితే చాలా బాగున్నాయని వాళ్లే రాశారు. ఆ డిస్కులు చేసిన ఇంజనీర్లకి స్వేచ్ఛ దొరికిందని, కారులోనో రేడియోలోనో గట్టిగా వినపడాలని ఎవరూ ఒత్తిడి పెట్టలేదని కారణం కూడా చెప్పారు. నేను ఇన్నేళ్లుగా విన్నదానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. నీ చెవికి నచ్చుతున్నది మాస్టరింగ్, అంటే డిస్కు అచ్చయ్యే ముందు ఇంజనీర్ శబ్దాన్ని ఆఖరుసారి సర్దే పని. ఫార్మాట్ దాని వెనక నడుస్తోంది.

90ల నుంచి సీడీలని ఏటికేడు ఇంకా గట్టిగా తయారు చేశారు. మెత్తటి చోట్లని పైకి లేపి, గట్టి చోట్లని అణిచి, అంతా ఒకే ఎత్తుకి తెచ్చేస్తారు. మృదంగం మీద పడ్డ దెబ్బకీ దాని తర్వాత వచ్చే నిశ్శబ్దానికీ మధ్య దూరం పోతుంది. మెటాలికా బృందం 2008లో తెచ్చిన 'డెత్ మాగ్నెటిక్' సీడీ ఇలాగే నలిగిపోయింది. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంతగా నొక్కకుండా వచ్చేసరికి, గేమ్‌లోవే బాగున్నాయని అభిమానులే చెప్పారు. డబ్బు పెట్టి కొన్న డిస్కు కంటే ఆటబొమ్మలోని పాట బాగుందంటే, అందులో ఫార్మాట్ ప్రమేయం ఏముంది?

అందుకే నీ సీడీలు అమ్మొద్దంటున్నాను. 80ల్లో అచ్చయిన సీడీలు చాలావరకు ఈ గోల మొదలవక ముందువి. అదే ఆల్బమ్ 2000 తర్వాత 'రీమాస్టర్డ్' అని వచ్చిందనుకో, చాలాసార్లు పాతదే మేలు. అవి ఒకసారి చెయ్యి జారితే మళ్లీ ఆ ప్రెస్సింగ్, అంటే ఆ పాత అచ్చు, వెతుక్కోవడం కష్టం. అక్కడ అద్దె ఇంట్లో చోటు చాలకపోతే పెట్టెలో సర్ది వైజాగ్ తెచ్చెయ్. నా బీరువాలో చోటుంది.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే పరీక్ష చేసుకో. చాలా ఎస్ఏసీడీలు హైబ్రిడ్లే, అంటే ఒకే డిస్కులో రెండు పొరలు. కింద కనిపించీ కనిపించని పొర ఎస్ఏసీడీది, దాన్ని దాటి వెళ్తే మామూలు సీడీ పొర. సీడీ లేజర్‌కి ఆ ఎస్ఏసీడీ పొర అడ్డు కాదు, నేరుగా దాటిపోతుంది. నీ ప్లేయర్‌లో ఏ పొర చదవాలో ఎంచుకునే బటనో మెనూనో ఉంటుంది. ఒకే డిస్కు పెట్టి ఆ రెండు పొరల్నీ పోల్చు. 1986 నాటి సీడీ ఒకవైపు, కొత్త ఎస్ఏసీడీ ఇంకోవైపు పెట్టి పోలిస్తే తెలిసేది మాస్టరింగ్ తేడానే. పోల్చేటప్పుడు వాల్యూమ్ తప్పకుండా సమానం చెయ్యి. ఎస్ఏసీడీ పొర సాధారణంగా కొన్ని డెసిబెల్స్ తక్కువలో పలుకుతుంది. రెండు శబ్దాల్లో కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదని మన చెవి ఎప్పుడూ పొరబడుతుంది. నువ్వు కూర్చునే చోట ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి, రెండు పొరల్లోనూ అదే అరనిమిషం వినిపించి, అంకె ఒకేలా వచ్చేదాకా వాల్యూమ్ సర్దు. తర్వాత నీ ఫ్రెండ్‌ని పొరలు మార్చమని చెప్పి, డిస్‌ప్లే కనిపించకుండా కూర్చుని పది పదిహేనుసార్లు చెప్పు. కొన్ని డిస్కుల్లో రెండు పొరల మాస్టర్లే వేరుగా ఉంటాయి. తేడా స్పష్టంగా వినిపిస్తే ముందు ఆ అనుమానమే పడు.

స్వీడన్‌లోని బిస్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) సంగతి కూడా చెప్పాలి. ఎస్ఏసీడీ కలెక్టర్లు ఆ లేబుల్‌ని నెత్తిన పెట్టుకుంటారు. వాళ్ల తొలినాటి ఎస్ఏసీడీలు చాలావరకు 24 బిట్లు 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసి, తర్వాత ఎస్ఏసీడీలోకి మార్చినవే. శాంపిళ్ల లెక్కలో సీడీకీ వాటికీ తేడా లేదు. అయినా అవి విని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు, ఎందుకంటే హాలు బాగుంది, మైకులు పెట్టినవాడికి పని తెలుసు, ఎవరూ శబ్దాన్ని నొక్కలేదు. నీ అభిమానం ఇలాంటి లేబుళ్ల మీద, ఇంజనీర్ల మీద పెట్టుకో. నీ పక్కనే చానల్ క్లాసిక్స్ ఉంది. ఇవాన్ ఫిషర్, బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా చేసిన మాలర్ సింఫనీలు వాళ్లవే. పాత రాక్, జాజ్ టేపులకి అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ, అనలాగ్ ప్రొడక్షన్స్ ఉన్నాయి.

ఇక ఎస్ఏసీడీలో సీడీకి సాధ్యం కానిది ఒకటి ఉంది. నేను ఈ ఫార్మాట్‌ని ప్రేమించేది దానికోసమే. సీడీలో రెండే చానళ్లు, ఎస్ఏసీడీలో ఆరు దాకా పట్టే చోటు ఉంది. 50ల చివర్లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీ వాళ్లు షికాగో ఆర్కెస్ట్రా హాల్లో ఫ్రిట్జ్ రైనర్ అనే కండక్టర్ వాయింపించిన సింఫనీలు చాలావాటిని మూడు ట్రాకుల టేపు మీద పట్టారు. ఇళ్లకి చేరేసరికి ఎల్పీలో అవి రెండయ్యాయి. అవే టేపుల నుంచి 2004 మొదలు లివింగ్ స్టీరియో పేరుతో వచ్చిన ఎస్ఏసీడీల్లో మూడో చానల్, అంటే మధ్యది, ఇంట్లో వినడానికి దొరికింది. వెనక స్పీకర్లు ఊరికే ఉంటాయి, ముందున్న మూడూ పలుకుతాయి. సోలో వయొలిన్ మధ్యలో ఒకచోట నిలబడి ఉంటుంది, నువ్వు కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నా కదలదు.

అలాగే 70ల్లో ఫిలిప్స్ క్లాసిక్స్ వాళ్లు ఎన్నో కచేరీలని నాలుగు చానళ్లలో రికార్డు చేసి, ఆ నాలుగు చానళ్ల క్వాడ్ ఎల్పీలు మార్కెట్లో నిలబడకపోవడంతో స్టీరియోలోనే అమ్మారు. ఫిలిప్స్ నుంచి బయటికొచ్చినవాళ్లు 2001లో పెంటాటోన్ అనే లేబుల్ పెట్టి, ఆ టేపుల్ని ఆర్‌క్యూఆర్ అనే సిరీస్‌గా ఎస్ఏసీడీల మీద తెచ్చారు. ఆ పని చేసిన పాలీహిమ్నియా స్టూడియో నెదర్లాండ్స్‌లోని బార్న్ అనే ఊళ్లో ఉంది. ఆ డిస్కుల్లో వెనక స్పీకర్ల నుంచి వాయిద్యాలు దూకవు, హాలు గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం మాత్రమే వస్తుంది. కాసేపు విని వెనకవి ఆపి చూడు, గది ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఈ తేడా చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కాబట్టి డబ్బులుంటే రెండు ఖరీదైన కేబుళ్లకి పెట్టకుండా ఇంకో మూడు స్పీకర్లకి పెట్టు. ముందువి రెండూ నీ ఎదురుగా చెరో 30 డిగ్రీల్లో, వెనకవి నీ పక్కల నుంచి కొంచెం వెనక్కి, 110 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తులో ఉండాలి. సినిమాకి పెట్టినట్టు గోడకి పైన బిగించకు.

ఆప్టికల్ కేబుల్‌తో ప్లేయర్‌ని కలిపి ఎస్ఏసీడీ వింటున్నామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాపీ చేస్తారన్న భయంతో ఎస్ఏసీడీ పొరని ఆప్టికల్, కోయాక్సియల్ దారుల్లో పంపరు. నిశ్శబ్దంగా ఉంటుంది, లేదా సీడీ పొర మోగుతుంది. హెచ్‌డీఎంఐ వాడు, లేదా అనలాగ్ అవుట్‌పుట్ వాడు. నీ రిసీవర్ స్పీకర్ల దూరాలు సర్దడానికి డీఎస్‌డీని (ఎస్ఏసీడీ ఒక్క బిట్ పద్ధతి) పీసీఎమ్‌గా (సీడీ తరహా పద్ధతి) మారుస్తుంది, దానికి టెన్షన్ పడకు. గది సరిచేసుకోవడం వల్ల వచ్చే లాభం ముందు ఆ నష్టం ఏపాటిదీ కాదు.

జపాన్ నుంచి వచ్చే ఎస్‌హెచ్‌ఎమ్-సీడీ, బ్లూ-స్పెక్ సీడీ అన్నవి మామూలు సీడీలే. ప్లాస్టిక్ మంచిది, తయారీ శ్రద్ధగా ఉంటుంది, లోపల అవే 16 బిట్లు. ఎస్‌హెచ్‌ఎమ్-ఎస్ఏసీడీ మాత్రం నిజమైన ఎస్ఏసీడీ, కానీ ఒకే పొర. కారులో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ మోగదు. ఆర్డర్ పెట్టే ముందు పేరులో ఎస్ఏసీడీ అన్న ముక్క ఉందో లేదో చూసుకో. ప్రింట్ ఆగిపోయిన డిస్కుకి నాలుగు రెట్లు ధర చెబితే వెంటనే కొనేయకు. మంచి టేపు చాలాసార్లు ఏదో ఒక లేబుల్ చేతిలో మళ్లీ బయటికొస్తుంది.

మన సంగీతం విషయం నిన్ను కాస్త గట్టిగానే అడగాలి. ఎస్ఏసీడీలే ఉంచుకుంటానన్నావు కదా, మరి నీ అలమరలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఎక్కడుంటారు? విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా ఉండి, ఫిడేలుని సోలో వాద్యంగా కూర్చోబెట్టిన మనిషి. ఆయన వాయింపు మనకి మిగిలింది ఎక్కువగా 78 ఆర్‌పీఎమ్ రికార్డుల్లో, ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు. ఆ ప్లేట్ల మీదున్న శబ్దాన్ని సీడీ ఏమీ వదలకుండా పట్టేస్తుంది, ఇంకా ఎక్కువ బిట్లు పోస్తే గరగర మాత్రమే ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది. మన వాళ్లు కచేరీలు, రేడియో టేపులు సీడీల మీదికి తెచ్చారు. నువ్వు అమ్మేస్తానన్న పెట్టెలో అవే ఉన్నాయి. మన వాద్యం మంచి ఎస్ఏసీడీలో వినాలని ఉంటే 'ఎ మీటింగ్ బై ద రివర్' కొనుక్కో. విశ్వమోహన్ భట్ మోహన వీణ, రై కూడర్ గిటారు. 1992లో శాంటా బార్బరాలోని ఒక చాపెల్లో కవి అలెగ్జాండర్ అనే పేరున్న ఇంజనీర్ అనలాగ్ టేపు మీద పట్టాడు, గ్రామీ వచ్చింది.

డిస్కులు తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి నేరుగా తుడువు, గుండ్రంగా తిప్పకు. ఇంకో ముఖ్యమైన పని ఉంది. ఎస్ఏసీడీ చదివే యంత్రాలు తగ్గిపోతున్నాయి. ఎంతోమంది నమ్ముకున్న ఒప్పో కంపెనీ 2018లో కొత్త ప్లేయర్ల తయారీ ఆపేసింది. కంప్యూటర్ డ్రైవ్ హైబ్రిడ్లో సీడీ పొరనే చూస్తుంది. సోనీ బ్లూరే ప్లేయర్లలో ఎస్ఏసీడీ చదివేవి తక్కువ ధరకే ఉన్నాయి, ఒకటి కొని పక్కన పెట్టుకో. అన్ని బ్లూరే ప్లేయర్లూ చదవవు, స్పెసిఫికేషన్లో ఆ గుర్తు చూసి కొను.

సంక్రాంతికి వస్తున్నావట కదా. ఆర్‌క్యూఆర్ సిరీస్‌లో ఏదైనా సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికితే నాకోసం ఒకటి పట్రా, వయొలిన్ కచేరీ అయితే ఇంకా మంచిది. పరీక్ష ఫలితం మాత్రం అప్పటిదాకా ఆగకుండా రాయి. ఏ డిస్కు, ఎన్నిసార్లు, ఎన్ని సరిగ్గా చెప్పావో అంకెలతో సహా రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న