ముందు తేదీ అడుగు తల్లీ

కర్నూలు,
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లికి పెదనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. బెంగళూరు ఉద్యోగం మానేసి అనంతపురంలో సొంతంగా ట్యాక్స్ ఆఫీసు పెడుతున్నావట. గది కూడా చూసుకున్నావట. పుస్తకాలేవీ కొనడం లేదనీ, ల్యాప్‌టాప్, రెండు ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్లు, ఒక ఏఐ టూల్ ఉంటే అదే లైబ్రరీ అనీ అన్నావట. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను, మన పిల్ల ఆఫీసు పెడుతోందని. నా తర్వాత ఈ పని చేసేవాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను. ఆ సంతోషంతో సగం రాత్రి నిద్ర పట్టలేదు. మిగతా సగం ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ నాయన ఇంకో సంగతి కూడా గొప్పగా చెప్పాడు. పెళ్లికి పోతూ బస్సులో ఉండగా మీ అమ్మ తరఫు బంధువు ఎవరో ఫోన్ చేసి, సైటు అమ్మాను, పన్నెంత అని అడిగితే, ఫోన్‌లోనే చూసి రెండు నిమిషాల్లో చెప్పేశావట. పన్నెండున్నర శాతం అని. తల్లీ, ఆయన ఎప్పుడు అమ్మాడో అడిగావా? 2024 జూలై 23కి ముందు అమ్మి ఉంటే లెక్క వేరు, ఇండెక్సేషన్ వేసుకుని, అంటే పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపించి, మిగిలిన లాభం మీద ఇరవై శాతం. ఆ తేదీ నుంచి అమ్మి ఉంటే పన్నెండున్నర. అప్పుడు కూడా సైటు ఆ తేదీకి ముందే కొన్నదైతే, మన దేశంలో ఉండే మనిషికి ఇండెక్సేషన్‌తో ఇరవై శాతం కట్టడమే లాభమైతే అలా లెక్క వేసుకునే వీలుంది. ఒకే ఆర్థిక సంవత్సరంలో జూలై 22న అమ్మినవాడికి ఒక లెక్క, మరుసటి రోజు అమ్మినవాడికి ఇంకో లెక్క. అమ్మిన తేదీ, కొన్న తేదీ, రెండూ అడగకుండా చెప్పిన జవాబు జవాబే కాదు. నీ మీద కోపం కాదు నాది. ఈ తొందర నాకు బాగా తెలుసు కాబట్టి చెబుతున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి, ఒక్క మాటలో అనేస్తాను. చట్టం, రూల్సు, సర్క్యులర్లు ఆదాయపు పన్ను శాఖ సొంత వెబ్‌సైటులో చూడు. తీర్పులు ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, పన్ను అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఆర్డర్లు ట్రిబ్యునల్ వెబ్‌సైటులోనే ఉంటాయి. క్లయింటు పాన్ నంబరు, బ్యాంకు వివరాలు ఏ ఏఐలోనూ పెట్టవద్దు. చూసిన పేజీని ఆ రోజు తేదీ వేసి పీడీఎఫ్‌గా ఫైల్లో దాచుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాయనకు కూడా పూర్తిగా తెలియదు.

2014లో ఒక ఎరువుల అంగడి ఆయన నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి పదిహేనేళ్లుగా ఆయన రిటర్నులు నేనే వేస్తున్నాను. హంద్రీ నది అవతల తాతల నాటి మెట్ట పొలం మే నెలలో ముప్పై ఎనిమిది లక్షలకు అమ్మాడు. పన్ను పడుతుందా సార్ అని అడిగాడు. పల్లె ప్రాంతపు వ్యవసాయ భూమి అయితే అది క్యాపిటల్ అసెట్ కాదు, అమ్మినా పన్ను లేదు. అయితే అది ఊరికి ఎంత దూరంలో ఉందన్నది చూడాలి. నాకప్పటికి ఇంటర్నెట్ కొత్త. మన ఆఫీసులో కనెక్షన్ పెట్టించి రెండేళ్లు కూడా కాలేదు. అందులో వెతకడం వచ్చిందని నాకు పెద్ద సంబరం. మున్సిపల్ హద్దు దగ్గర మొదలుపెట్టి, వంతెన మీదుగా తిరిగి పొలం దాకా స్కూటర్ మీద నేనే పోయి మీటరు చూసుకున్నాను. ఏడున్నర కిలోమీటర్లు. తిరిగొచ్చి కంప్యూటర్‌లో వ్యవసాయ భూమి, దూరం, రోడ్డు అని ఇంగ్లీషులో టైపు చేశాను. పంజాబ్ హర్యానా హైకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు మొదటనే వచ్చింది. దూరాన్ని రోడ్డు దారినే కొలవాలి, గీత గీసినట్టు కొలవకూడదు అని స్పష్టంగా ఉంది. దాని కింద అలాంటివే ఇంకో రెండు మూడు. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ప్రింటు తీసి, పసుపు పెన్నుతో గీతలు కొట్టి ఫైల్లో పెట్టాను.

రోడ్డు అని టైపు చేసింది నేను. కాబట్టి రోడ్డు అన్న తీర్పులే వచ్చాయి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

సెక్షను తెరవలేదు తల్లీ. 2(14), ఏది క్యాపిటల్ అసెట్టో చెప్పే సెక్షను, నాకు కంఠతా వచ్చు అనుకున్నాను. నాకు వచ్చింది పాత 2(14). 2013 ఫైనాన్స్ యాక్టు దాన్ని మార్చేసింది. 2014-15 అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే 2013-14 ఆదాయం నుంచి దూరాన్ని గగనమార్గంలో, అంటే పక్షి ఎగిరినట్టు తిన్నగా కొలవాలి. జనాభా పదివేలు దాటి లక్ష లోపు ఉంటే రెండు కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపు ఉంటే ఆరు, పది లక్షలు దాటితే ఎనిమిది. 2011 లెక్కల్లో కర్నూలు జనాభా నాలుగు లక్షలు దాటింది, అంటే ఆరు. తర్వాత ఎప్పుడో మ్యాపు ముందు పెట్టుకుని పెన్సిలుతో గీత గీసి స్కేలు పెట్టి చూశాను. హంద్రీ మీదుగా అడ్డంగా పోతే అయిదుంబావు కిలోమీటర్లు, ఆరు లోపే, అంటే పన్ను పడే భూమే. వంతెన కోసం తిరిగిన దూరమంతా చట్టం దృష్టిలో లేనే లేదు.

పన్ను పడిందని కాదు నా బాధ. పడాల్సిన పన్ను పడుతుంది. నేను పన్ను లేదు పొమ్మన్నాక ఆయన గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. సార్, కోడుమూరు దగ్గర నాలుగెకరాలు వస్తోంది, కొంటే పన్నుకేమైనా పనికొస్తుందా అని అడిగాడు. పన్నే లేనప్పుడు తొందరేముంది, నిదానంగా చూసుకో అన్నాను. 54బి సెక్షనులోని మినహాయింపు అప్పుడే చెప్పి ఉంటే, రెండేళ్ల లోపల ఇంకో వ్యవసాయ భూమి కొనుక్కునేవాడు. కొనడం ఆలస్యమైతే రిటర్ను గడువు లోపు డబ్బు బ్యాంకులో ఇందుకోసమే ఉండే క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసుకునేవాడు. పన్ను చాలావరకు పోయేది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సమాచారం వెళ్లి, రిటర్ను తనిఖీకి స్క్రూటినీ నోటీసు వచ్చింది 2016 ఆగస్టులో. రెండేళ్ల గడువు మే నెలలోనే అయిపోయింది. డబ్బు అప్పటికే కూతురి పెళ్లికి కొంత, అంగడిలోకి కొంత పోయింది.

పన్నూ వడ్డీ కలిసి ఎనిమిది లక్షలు దాటింది. పెనాల్టీ పడకుండా మాత్రం ఆపగలిగాను. సగం నేను కడతానని ఇంటికి పోయి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. మీరు కావాలని చెప్పలేదు గదా సార్, చూడకుండా చెప్పినారు, అంతే అన్నాడు. కోపంగా అనలేదు. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని, నాకు మజ్జిగ గ్లాసు చేతికిస్తూ అన్నాడు. చూడకుండా అన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ నాకు రాత్రిళ్లు వినబడుతుంది.

నేను చదివిన తీర్పు తప్పుది కాదు, అది కూడా నువ్వు గుర్తు పెట్టుకోవాలి. 2015 అక్టోబర్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 17వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. 2014-15కు ముందు అసెస్‌మెంట్ సంవత్సరాలకు దగ్గరి రోడ్డు దూరమే లెక్క అని శాఖ కూడా ఒప్పుకుంది. ఆయన 2013 జనవరిలో అమ్మి ఉంటే నేను రోడ్డు దారిన కొలవడం సరైనదే. తీర్పు మంచిదే, సంవత్సరమే తప్పు. తెర మీద ఆ సంవత్సరం చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెద్ద అక్షరాలు చదివాను.

అందుకే చెబుతున్నాను, ఏదైనా వెతికే ముందు కాగితం మీద మూడు తేదీలు రాసుకో. కొన్నది ఎప్పుడు, అమ్మింది ఎప్పుడు, ఏ సంవత్సరపు రిటర్ను. ఆ తర్వాత శాఖ వెబ్‌సైటులో ఆ ఏటి సవరణలతో ఉన్న చట్టం తెరిచి సెక్షను చదువు, కింద ఫుట్‌నోటు కూడా చదువు. ఏ ఫైనాన్స్ యాక్టుతో మారిందో, ఏ తేదీ నుంచో అక్కడే ఉంటుంది. తీర్పు జోలికి అప్పుడు పో. పైన ఇచ్చే సారాంశం, ఆ హెడ్‌నోట్‌తో ఆపకుండా ఆ కేసు ఏ అసెస్‌మెంట్ సంవత్సరానిదో లోపల చూడు, పైకోర్టులో నిలిచిందో లేదో చూడు. మనం కట్టుబడి ఉండాల్సింది సుప్రీంకోర్టు మాటకు, మన హైకోర్టు మాటకు. ఇంకో రాష్ట్రపు హైకోర్టు చెప్పింది మనకు వాదనకు పనికొస్తుంది, హామీగా కాదు. నీకు అనుకూలమైన మాట టైపు చేసి వెతికాక, వ్యతిరేకమైన మాట టైపు చేసి కూడా వెతుకు.

ఏఐ గురించి మీ నాయనకు ఏమీ తెలియక నన్నడిగాడు. నేను వాడి చూశాను. పోయిన నెల ఈ దూరం ప్రశ్నే అడిగాను. నున్నగా, మర్యాదగా జవాబు చెప్పింది, ఒక తీర్పు పేరూ నంబరూ కూడా ఇచ్చింది. గంటసేపు వెతికాను, అలాంటి తీర్పే లేదు. నాలాంటి ముసలివాడికే కాదు, పెద్దవాళ్లకే జరిగింది. 2024 డిసెంబర్‌లో బెంగళూరు ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఆర్డరులో లేని తీర్పులు ఉన్నాయని తెలిసి, వారంలోపే వెనక్కి తీసుకున్నారు. 2025 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు ఒక అసెస్‌మెంట్ ఆర్డరును కొట్టేసింది, అందులో ఆధారంగా చూపిన మూడు తీర్పులు అసలు లేనే లేవు. ఏఐని దారి అడగడానికి వాడుకో, వద్దనను. ఏ సెక్షను దగ్గర వెతకాలో చెబుతుంది. కానీ అది చెప్పిన తీర్పును నీ కళ్లతో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండా ఎవరికీ చెప్పవద్దు. నామీద ఒట్టు.

నువ్వు ఆఫీసు తెరిచేది ఇంకా చిక్కు సమయంలో. 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 536 సెక్షన్లు, నంబర్లన్నీ మారిపోయాయి. మనం నిద్రలో కూడా చెప్పే 80సి, పొదుపుల మినహాయింపు సెక్షను, ఇప్పుడు 123. కానీ ఈ జూలైలో నువ్వు వేసే రిటర్నులు 2025-26 ఆదాయానివి, వాటికి పాత చట్టమే. పాత సంవత్సరాల నోటీసులు, అప్పీళ్లు ఇంకా కొన్నేళ్లు పాత చట్టం కిందే నడుస్తాయి. ఒకే టేబుల్ మీద రెండు చట్టాలు. వెతికితే రెండూ కలిసి వస్తాయి. అది తలుచుకుంటేనే నాకు టెన్షన్.

నీకు గుర్తుందో లేదో, ఏడేళ్లప్పుడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు నా ఆఫీసులో కూర్చుని చట్టం పుస్తకంలో సవరణ చీటీలు అతికించేదానివి. గమ్ము సీసా పక్కన పెట్టుకుని, నాలుక బయట పెట్టి, వంకరగా అతికించేదానివి. కొన్ని పేజీలు ఇప్పటికీ అంటుకుపోయే ఉన్నాయి. పాత మాట మీద కొత్త మాట, దాని కింద తేదీ. నేను తేదీ చదువు అంటే నువ్వు గట్టిగా చదివేదానివి. ఇప్పుడు ఆ చీటీలు అతికించేవాళ్లు లేరు, కంప్యూటర్ తనే మార్చేసుకుంటుంది. పాత మాట ఎప్పుడు పోయిందో చేతికి తెలియదు.

అనంతపురంలో నీ దగ్గరికి వచ్చేవాళ్లు రిటైరైన టీచర్లు, చీనీ తోటల రైతులు, చిన్న అంగళ్లవాళ్లు. వాళ్లు ఇంకో చోట సరిచూసుకోరు. పాప చెప్పింది అని ఇంటికి పోయి నిశ్చింతగా పడుకుంటారు. రేపు చెబుతాను అంటే ఎవరూ నిన్ను తక్కువగా చూడరు. నీ మీద నాకు నమ్మకం ఉంది, నాకంటే నువ్వు నిదానస్తురాలివి.

పూజ ఏ రోజో చెప్పు, ముందురోజే వస్తాం. మీ పెద్దమ్మ ఓళిగలు చేసి తెస్తానంటోంది. ఆ ఎరువుల అంగడి ఆయన ఫైలు, పెన్సిలు గీత ఉన్న మ్యాపుతో సహా తెస్తాను. నీ బీరువాలో పెట్టుకో.

ముందు ఆ బంధువుకు ఫోన్ చేసి సైటు ఎప్పుడు కొన్నాడో, ఎప్పుడు అమ్మాడో కనుక్కో. కనుక్కున్నాక నాకు చెయ్యి. రాత్రి పది దాటినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

నీ పెదనాయన