జాబ్ మేళాకి రెజ్యూమేలు పంచడానికి వెళ్ళకమ్మా, మాట్లాడటానికి వెళ్ళు

ప్రశ్న: సార్, నేను బీకామ్ ఫైనల్ ఇయర్. కిందటిసారి జాబ్ మేళాకి వెళ్ళి 18 స్టాల్స్‌లో రెజ్యూమే ఇచ్చొచ్చాను, నెల దాటినా ఒక్క కాల్ రాలేదు. ఇంకో పది రోజుల్లో మళ్ళీ ఒకటుంది. నాన్న టైమ్ వేస్ట్ అంటున్నారు. వెళ్ళాలా వద్దా?

జవాబు: వెళ్ళమ్మా, తప్పకుండా వెళ్ళు, కానీ కిందటిసారి వెళ్ళినట్టు కాదు. 18 స్టాల్స్ అని రాశావు చూడు, అక్కడే నాకు విషయం అర్థమైంది. ఒక్కరోజులో 18 చోట్ల కాగితం ఇవ్వగలం గానీ 18 మందితో మాట్లాడలేం కదా.

ఒకసారి ఒక కంపెనీ హెచ్ఆర్ మేడమ్ పక్కన స్టాల్‌లో సగం రోజు కూర్చున్నాను. ఆవిడ టేబుల్ మీద రెజ్యూమేలు రెండు దొంతరలుగా పెట్టుకున్నారు. ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడితే ఆ రెజ్యూమే పైన మూలలో పెన్నుతో రెండు ముక్కలు రాసేవారు, "ఎక్సెల్ బాగుంది", "షిఫ్ట్ ఓకే", "సోమవారం కాల్", ఇలా. ఇచ్చేసి వెళ్ళిపోయినవాళ్ళవి రెండో దొంతర. సాయంత్రం అన్నీ సర్దేటప్పుడు మొదటి దొంతర ఆవిడ బ్యాగ్‌లోకి వెళ్ళింది, రెండోది అట్టపెట్టెలోకి వెళ్ళింది. రెండో దొంతరలో మంచి పిల్లలు లేరని కాదు, కానీ వాళ్ళెవరో ఆవిడకి గుర్తుండే దారే లేదు. నీ కాగితం మీద కూడా ఆ మూలలో రెండు ముక్కలు పడాలి, ఈసారి నీ పని అదే.

ఇప్పట్నుంచే మొదలుపెట్టు. వచ్చే కంపెనీల లిస్ట్ సాధారణంగా ముందే పెడతారు, అందులో నీకు సరిపోయేవి ఆరు ఎంచుకో, అంతకంటే వద్దు. ఒక్కో కంపెనీ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ తెరిచి ఫ్రెషర్స్‌కి ఏ రోల్స్ ఉన్నాయో, వాళ్ళు అసలు ఏం చేస్తారో పదిహేను నిమిషాలు చదువు. రెజ్యూమే ఒక్క పేజీ చాలు. డబ్బాలు, రెండు కాలమ్స్, రంగు రంగుల బొమ్మలు తీసెయ్, చాలా కంపెనీలు రెజ్యూమేలని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాయి, ఇలాంటివి ఉంటే అది వివరాలు సరిగ్గా చదవలేకపోవచ్చు. ఫోన్ నంబర్ ఒక్కో అంకె చూసుకో, ఒక అంకె తప్పు పడి ఛాన్స్ పోయిన పిల్లల్ని చూశాను, చాలా బాధేస్తుంది. ప్రింట్లు ఒక పదిహేను, ఫోన్‌లో పీడీఎఫ్ ఒకటి. బట్టలు శుభ్రంగా ఇస్త్రీ చేసినవైతే చాలు, కొత్తవి కొనక్కర్లేదు.

అసలైంది మాట్లాడటం. స్టాల్ దగ్గర ఎక్కువమంది అడిగేది "సార్ ఏమైనా జాబ్స్ ఉన్నాయా?" అని. దానికి ఆయన "రెజ్యూమే ఇచ్చి వెళ్ళమ్మా" అనడం తప్ప ఏం చేస్తారు చెప్పు? బదులుగా ఇలా అని చూడు: "నమస్తే సార్, నేను బీకామ్ ఫైనల్ ఇయర్. సెలవుల్లో రెండు నెలలు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో బిల్లులు ఎంట్రీ చేశాను, ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్ వచ్చు. మీ సైట్‌లో అకౌంట్స్ పేయబుల్ రోల్ చూశాను, అందులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఆరు నెలలు ఏం పని ఇస్తారు సార్?" ఇది అరనిమిషం కూడా పట్టదు. నువ్వెవరో, ఏం వచ్చో, ఎందుకొచ్చావో చెప్పావు, చివర్లో ఆయన మాట్లాడాల్సిన ప్రశ్న వేశావు, అక్కణ్ణుంచి సంభాషణ దానంతటదే నడుస్తుంది. నీకున్న అనుభవం వేరే అయితే అదే చెప్పు, లేనిది మాత్రం చెప్పకు, రెండో ప్రశ్నకే దొరికిపోతావు. అద్దం ముందు కాదు, మీ నాన్నగారి ముందు ఓ పదిసార్లు చెప్పి చూడు.

ఇంకో మాట, నీకు బాగా ఇష్టమైన కంపెనీ దగ్గరికి ముందే వెళ్ళకు. లిస్ట్‌లో నాలుగో దాంతో మొదలుపెట్టు, గొంతు సర్దుకుంటుంది, వణుకు పోతుంది, తర్వాత ఇష్టమైనవాటికి వెళ్ళు, కానీ మధ్యాహ్నం లోపే, సాయంత్రానికి వాళ్ళూ అలిసిపోతారు.

"ఆన్‌లైన్‌లో అప్లై చెయ్యమ్మా" అంటే మనసు చిన్నబుచ్చుకోకు, చాలా కంపెనీల్లో పద్ధతే అది. జాబ్ ఐడీ అడుగు, ఆయన పేరు, మెయిల్ అడుగు, తర్వాతి రౌండ్ ఎప్పుడో అడుగు. స్టాల్ దాటి రెండడుగులు పక్కకి రాగానే ఇవన్నీ నోట్ చేసుకో, ఇంటికెళ్ళి రాద్దాం అనుకుంటే ఎవరు ఏమన్నారో కలిసిపోతుంది. స్పాట్‌లోనే ఆఫర్ ఇస్తామంటే సంతోషమే, కానీ చేతికొచ్చే జీతం ఎంత, జీతం కంపెనీయే నేరుగా ఇస్తుందా (కంపెనీ పేరోల్) మధ్యలో వేరే సంస్థ ఇస్తుందా (థర్డ్ పార్టీ), ఇన్నాళ్ళు మానకూడదనే బాండ్ ఉందా, ఇవి తెలియకుండా సంతకం పెట్టకు.

డబ్బు అడిగితే మాత్రం అక్కణ్ణుంచి వచ్చెయ్. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ అన్నా, డిపాజిట్ అన్నా అంతే. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ దగ్గర ప్రైవేటు ఏజెన్సీలు ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ కన్వెన్షన్‌లో రాసే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఓటీపీ కూడా ఎవరికీ ఇవ్వకు.

క్యూలో నిలబడ్డప్పుడు ఫోన్ చూసుకోకుండా పక్కనున్నవాళ్ళతో మాట్లాడు, ఏ స్టాల్‌లో ఏం అడుగుతున్నారో వాళ్ళే చెప్తారు. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో ఒక వ్యాసం రాశారు, పరిచయాల ద్వారా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళని అడిగితే ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలుస్తామన్నవాళ్ళు 16.7 శాతమేనట, మిగతా అందరూ అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్ళే. అందుకే మేళాలో అయిదు నిమిషాల పరిచయాన్ని కూడా తక్కువగా చూడకు.

మర్నాడు పొద్దున్నే మాట్లాడిన ప్రతి ఒక్కరికీ మెయిల్ పెట్టు, నాలుగు లైన్లు చాలు: నిన్న ఎక్కడ కలిశాను, దేని గురించి మాట్లాడుకున్నాం, అప్లికేషన్ ఇచ్చేశాను, రెజ్యూమే జత చేశాను. అందరికీ ఒకటే కాపీ పేస్ట్ చెయ్యకు, ఆయన అన్న ఒక్క మాటైనా అందులో ఉండాలి. వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చెయ్యి, అంతకుమించి వద్దు.

మీ నాన్నగారికి నువ్వు ఎంచుకున్న ఆరు కంపెనీల లిస్ట్ చూపించు, ఎందుకు ఎంచుకున్నావో చెప్పు. ఈలోగా ఆ అరనిమిషం మాటలు నీ సొంతంగా రాసి నాకు పంపించు, చూసి చెప్తాను.